కాంకార్డు మరల నెగురునా?

హైదరాబాదు నగరమునకు పడమట, బండరాళ్ల గుట్టల నడుమ, మాదాపూరు అను చిన్న గ్రామము ఒకటి యుండెడిది. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిదప ఆ గ్రామము హైటెక్ సిటీ యైన కథ శ్రోతలందరికిని తెలిసినదే. అయితే ఆ అద్దాల మేడలలో బ్యాంకుల లెక్కలు, వ్యాపారపు పద్దులు మాత్రమే నడుచుననుకొనరాదు. విమానపు ఇంజనులోని రేకు ఎంత మందముండవలెను, ఏ వంపు తిరుగవలెను, ఎంత వేడికి తాళవలెను అని నిర్ణయించు పనియు అచ్చట జరుగుచున్నది. 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థ, 2014 నుండి సైయెంట్ అను పేరుతో, మాదాపూరు ఇన్ఫోసిటీ కేంద్రముగా ఇట్టి పనినే చేయుచున్నది. అమెరికాలో విమానపు ఇంజనులను నిర్మించు ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ చిరకాలముగా దాని సేవలు పొందుచున్నది.

అట్టి చోట ఒక ప్రశ్న పుట్టుట సహజము. క్రొత్త ఇంజనును తెరపై గీచి చూపగల వారికి పాత విమానము ఒక లెక్కా? శబ్దమును మించిన వేగముతో ప్రయాణికులను మోసిన కాంకార్డు విమానములు 2003లో విశ్రాంతి తీసికొన్నవి. నిర్మించిన ఇరువదింటిలో పదునెనిమిది నేటికిని ఆయా దేశములలో నిలిచియున్నవి. వానిలో ఒక్కదానిని బాగుచేసి మరల ఎగిరింపరాదా?

ఈ ప్రశ్న వినుటకు కుఱ్ఱవాండ్ర ఉత్సాహమువలె తోచును. కాని సమాధానము వెదకబోయినచో, విమానమును ఆకాశమున నిలుపునది నిజముగా ఏది అను పెద్ద విషయము ముందుకు వచ్చును. ఆ విషయమునకు సాక్ష్యములు పారిస్, లండను నగరములలోనే గాదు, మన బేగంపేటలోను, విశాఖపట్టణపు సముద్రతీరమునను గూడ కలవు.

ముందుగా కాంకార్డు పుట్టుక చెప్పుకొందము. 1962 నవంబరు 29వ తేదీన బ్రిటన్, ఫ్రాన్సు ప్రభుత్వములు ఈ విమానమును కలిసి నిర్మించుటకు ఒడంబడిక చేసికొనినవి. 1969 మార్చి 2వ తేదీన ఫ్రాన్సులోని తులూజు నగరమున ఆంద్రే తుర్కా దానిని మొదటిసారి గాలిలోనికి లేపెను. ఏప్రిల్ 9వ తేదీన బ్రిటనులోని ఫిల్టను నుండి బ్రయన్ ట్రబ్‌షా రెండవదానిని నడిపెను. 1976 జనవరి 21వ తేదీన, ఒకే దినమున, లండను నుండి బహ్రెయిన్‌కును, పారిస్ నుండి రియో ద జనీరోకును ప్రయాణికుల రాకపోకలు ఆరంభమయ్యెను. కట్టిన ఇరువది విమానములలో పదునాలుగు మాత్రమే టిక్కెట్టు కొన్నవారిని మోసినవి. ఏడు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వి, ఏడు ఎయిర్ ఫ్రాన్స్‌వి.

దాని వేగము గంటకు సుమారు 2,150 కిలోమీటర్లు. అనగా శబ్దవేగమునకు రెట్టింపు. హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు ఆకాశమార్గమున ఉన్న దూరము అంత వేగమున పావుగంట పని. 1996 ఫిబ్రవరి 7వ తేదీన ఒక కాంకార్డు న్యూయార్కు నుండి లండనునకు 2 గంటల 52 నిమిషముల 59 సెకండ్లలో చేరెను. సాధారణ విమానములకు ఆ దారిలో ఏడు గంటలవరకు పట్టును.

ఆ వేగమునకు చెల్లింపవలసిన మూల్యమును గూడ చూడవలెను. అరువది వేల అడుగుల ఎత్తున బయటి గాలి గడ్డకట్టు చలిలో నుండగా, గాలి రాపిడికి విమానపు ముక్కు 127 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కెడిది. ఆ వేడికి విమానదేహము ప్రయాణమధ్యమున జానెడు పొడవు సాగి, దిగునాటికి మరల కుదించుకొనెడిది. వేగము హెచ్చినకొలది రెక్కపై గాలి మోపు బలము వెనుకకు జరుగును గనుక, దానిని సరితూచుటకు టన్నులకొలది ఇంధనమును ముందు తొట్లనుండి తోకలోని తొట్టికి పంపెడివారు. ఇంజనులు శబ్దవేగపు గాలిని మ్రింగలేవు. ఆ గాలిని వాని నోటివద్ద కదలెడి పలకలతో క్షణక్షణమును సర్ది, వేగము తగ్గించి లోనికి పంపవలెను. ఇట్లు కాంకార్డులో ఏ ఒక్క భాగమును తక్కినవానితో సంబంధము లేక పనిచేయదు. ఈ సంగతి మనకు ముందు పనికివచ్చును.

1960లలో ఈ విమానముపై లోకమంతయు ఆశ పెట్టుకొనెను. మన ఎయిర్ ఇండియా సంస్థయు రెండింటిని కొనుటకు ముందుగా హక్కు నిలుపుకొనెను. కాని శబ్దవేగమును దాటిన విమానము వెనుక నేలపై పిడుగువంటి మ్రోత దొరలుచు వచ్చును. ఆ మ్రోతను సహింపలేక అమెరికా 1973లో తన నేలపై పౌరవిమానముల అతిశబ్దవేగమును నిషేధించెను. అదే సంవత్సరము జనవరి 31వ తేదీన పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఎ. సంస్థలు తమ కోరికను విరమించుకొనినవి. ఆ ఏటనే చమురు ధర మండిపోయెను. నూరుమందిని మోయుటకు నాలుగు దాహగొట్టు ఇంజనులను పోషించు విమానము ఎవ్వరికి గావలెను? ఎయిర్ ఇండియా కోరికయు ఆ గాలిలోనే కలిసిపోయెను. కాంకార్డు చివరకు ఇద్దరు యజమానుల యింట మాత్రమే పెరిగెను.

2000 జూలై 25వ తేదీన పారిస్ నుండి బయలుదేరిన కాంకార్డు ఒకటి, రన్‌వేపై పడియున్న లోహపు పట్టీని తొక్కి టైరు పగిలి, ఇంధనపు తొట్టి చిల్లిపడి, మంటలలో గోనెస్ గ్రామమున కూలెను. విమానములోని 109 మందియు, నేలపైనున్న నలుగురును మరణించిరి. తొట్లకు లోపల బలమైన పొరలు వేసి, క్రొత్త టైర్లు అమర్చి 2001 నవంబరులో మరల ప్రయాణములు మొదలుపెట్టిరి. కాని అప్పటికి అమెరికాలో సెప్టెంబరు 11 నాటి దాడులు జరిగి, విమానమెక్కువారే తగ్గియుండిరి. 2003 ఏప్రిల్ 10వ తేదీన ఇరు సంస్థలును కాంకార్డును విరమించుచున్నట్లు ప్రకటించినవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రయాణికుల చివరి కాంకార్డు అక్టోబరు 24వ తేదీన దిగెను. నవంబరు 26వ తేదీన ఒకటి లండను హీత్రో నుండి తన పుట్టింటియైన ఫిల్టనునకు చేరి ఆగెను. ఆ దినము మొదలు నేటివరకు ఏ కాంకార్డును నేల విడువలేదు.

ఇక బేగంపేట సాక్ష్యమును వినుడు. నిజాం ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట విమానాశ్రయమునుండి డకోటా విమానములను నడిపెను. 1953లో దేశములోని విమానసంస్థలను జాతీయము చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. వెనుకటి తరమువారిలో అనేకులు తమ జీవితమున మొదటిసారి ఎక్కిన విమానము డకోటాయే. 1935 డిసెంబరు 17వ తేదీన మొదట ఎగిరిన రకము అది. రెండు ఇంజనులు, తోకచక్రము, నెమ్మదియైన నడక. దానిని ఏనాడో మనము మరచితిమి.

కాని డకోటా చావలేదు. భారత వాయుసేనకు ఒక డకోటాను కానుకగా నీయదలచి, సైనిక విమానచోదకుడైన ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్, తుక్కుగా పడియున్న ఒకదానిని సంపాదించి బ్రిటనులో బాగుచేయించెను. 2018 ఏప్రిల్ నెలలో అది ఇంగ్లండులోని కోవెంట్రీ నుండి మజిలీ మజిలీగా స్వయముగా ఎగురుచు మన దేశమునకు వచ్చెను. మే నెలలో ఢిల్లీ సమీపమున హిండన్ స్థావరమున వాయుసేనలో చేరెను. దానికి 'పరశురామ' అని పేరు పెట్టిరి. 1947లో శ్రీనగరమునకు సైనికులను చేర్చిన డకోటాను స్మరించుచు వీ.పీ. 905 అను సంఖ్యను వ్రాసిరి. డెబ్బదియేండ్లు దాటిన తుక్కు విమానము సముద్రములు దాటి వచ్చినప్పుడు, దానికంటె ముప్పదియేండ్లు చిన్నదైన కాంకార్డు ఎందులకు లేవదు?

కారణము సంఖ్యలో నున్నది. డకోటా రకపు విమానములను పదివేలకు పైగా నిర్మించిరి. ఇంజనులు ప్రాట్ అండ్ విట్నీ వారివి. అట్టివి ఎన్నో రకముల విమానములకు అమర్చబడినవి. విడిభాగము కావలెనన్నచో ఏదో ఒక దేశపు కొట్టులో దొరకును. బాగుచేయ నేర్చినవాడు ఏదో ఒక ఊర బ్రతికియుండును. పదివేల ఇండ్లున్న ఊరిలో ఒక ఇల్లు కూలినను కట్టుబడి తెలిసిన మేస్త్రీలు మిగులుదురు. ఇరువది ఇండ్లే యున్న ఊరిలో, ఆ ఇరువదియు ఒకే దినమున పాడుపెట్టబడినచో, మేస్త్రీలకు పని లేక విద్యయే మాసిపోవును. డకోటా పెద్ద ఊరు. కాంకార్డు ఇరువది గడపల ఊరు.

విరమించిన విమానములు సాధారణముగా ఏమగునో మన నగరమే చూచినది. బేగంపేట విమానాశ్రయమునుండి ప్రయాణికుల రాకపోకలు 2008 మార్చిలో శంషాబాదునకు మారినవి. 2016 ఏప్రిల్ 10వ తేదీన, పని ముగించుకొన్న ఎయిర్ ఇండియా వారి ఎయిర్‌బస్ 320 విమానము నొకదానిని శిక్షణకేంద్రమునకు పంపుటకై క్రేనుతో తీసికొనిపోవుచుండగా, బేగంపేట పరిసరముల ఆ క్రేను ఒరిగి విమానము గోడమీద పడెను. విద్యార్థులకు పాఠము చెప్పబోవు దేహమునకు కలిగిన ఆపద అది. ఆకాశమున వేలమందిని మోసిన విమానమునకు నేలమీద నడుచుటయే కష్టమయ్యెను.

విశాఖపట్టణపు సాక్ష్యము దీనికంటె గంభీరమైనది. రామకృష్ణా బీచికి పోయినవారు కురుసుర జలాంతర్గామి ఎదుట రోడ్డు కావలి ప్రక్కన నాలుగు జంట పంకాల మహావిమానమును చూచియే యుందురు. అది రష్యా దేశమున టుపొలెవ్ కార్యాలయము రూపొందించిన టి.యు. 142. సముద్రముపై నిఘా పెట్టుటకు మన నౌకాదళము 1988లో వీనిని తెచ్చి, ఇరువదితొమ్మిది సంవత్సరములు నడిపి, 2017 మార్చి 29వ తేదీన అరక్కోణము స్థావరమున విరమింపజేసెను. వానిలో ఒకటి ఏప్రిల్ నెలలో విశాఖకు స్వయముగా ఎగిరివచ్చెను. అచ్చట దానిని భాగములుగా విడదీసి, బీచికి తెచ్చి, మరల కూర్చి ప్రదర్శనశాల చేసిరి. 2017 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. చూచుటకు కూర్చిన విమానము వేరు, ఎగురుటకు కూర్చిన విమానము వేరు. పైకి రెండును ఒకటే. కాని మొదటిదానిలో బిగించిన ప్రతి మరకును, ఇది సరిగా బిగింపబడినది అని సంతకము చేసి పూచీపడువాడు లేడు.

ఈ టుపొలెవ్ కార్యాలయమే కాంకార్డునకు ప్రత్యర్థిని గూడ నిర్మించినది. దాని పేరు టి.యు. 144. కాంకార్డుకంటె రెండు నెలలు ముందుగా, 1968 డిసెంబరు 31వ తేదీన అది మొదట ఎగిరెను. 1973 జూన్ 3వ తేదీన పారిస్ విమానప్రదర్శనలో ఒకటి కూలి, అందలి ఆరుగురును నేలపై ఎనమండుగురును చనిపోయిరి. 1977 నవంబరు 1వ తేదీన మాస్కో, ఆల్మా ఆటా నగరముల నడుమ ప్రయాణికులను మోయ మొదలిడి, ఏడు నెలలలో 55 ప్రయాణములు చేసి, 1978 జూన్‌లో ఆ పని మానుకొనెను. నిర్మించినవి పదునారు.

మన ప్రశ్నకు చరిత్రలో దొరకు ముఖ్యమైన సమాధానము ఇచ్చటనే యున్నది. ప్రయాణికుల పని మానిన అతిశబ్దవేగ విమానము మరల ఎగురుట ఒక్కసారి జరిగినది. 1990లలో అమెరికా అంతరిక్షసంస్థ నాసా భవిష్యత్తు విమానముల కొరకు కొన్ని పరీక్షలు చేయదలచెను. శత్రుత్వము ముగిసిన దినములవి. అమెరికా, రష్యా ప్రభుత్వములు ఒప్పందము చేసికొని, చివరగా కట్టిన టి.యు. 144లలో ఒకదానిని మేలుకొలిపినవి. 1996 నవంబరు 29వ తేదీన మాస్కో సమీపమున జుకోవ్‌స్కీ నుండి అది మరల లేచెను. 1999 ఏప్రిల్ వరకు 27 సార్లు ఎగిరెను. 1998లో నాసా చోదకులు ఇద్దరు గూడ దానిని స్వయముగా నడిపిరి.

ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఆ విమానము కట్టిన పిదప నూరు గంటలైనను ఎగురలేదు. దేహము దాదాపు క్రొత్తది. దానిని గీచిన టుపొలెవ్ కార్యాలయము మూతపడలేదు. పటములును, పటములు గీచినవారిలో కొందరును దానిలోనే యుండిరి. పాత ఇంజనులు ఉత్పత్తిలో లేకపోగా, సైన్యమున పనిచేయుచున్న టి.యు. 160 బాంబరునకు కుజ్నెత్సోవ్ కార్యాలయము చేసిన ఇంజనులను తెచ్చి అమర్చిరి. విశాఖ బీచిలోని విమానపు నాలుగు ఇంజనులును ఆ కుజ్నెత్సోవ్ వారివే. రెండు ప్రభుత్వములు పూనుకొనినవి. అన్నింటికంటె ముఖ్యము, అది ప్రయాణికులను మోయలేదు. ప్రాణాపాయము తెలిసియు అంగీకరించిన చోదకులు, కొలత పరికరములు మాత్రమే దానిలో నెక్కినవి. పరీక్షలు ముగియగానే అది మరల నిద్రించెను.

ఇంకొక ఉదాహరణము బ్రిటనుది. వల్కన్ అను బాంబరు విమానమును వాయుసేన 1984లో యుద్ధసేవనుండి విరమించుకొనెను. దాని ఇంజను పేరు ఒలింపస్. కాంకార్డు ఇంజను ఆ వంశములోనిదే. అభిమానులు సంఘముగా ఏర్పడి, చందాలు వసూలుచేసి, లాటరీ నిధినుండి సహాయము పొంది, 2007 అక్టోబరు 18వ తేదీన వల్కన్ విమానము నొకదానిని మరల ఎగిరించిరి. లక్షలమంది మైదానములలో నిలిచి దానిని చూచిరి. 2012లో ఒకనాడు తేమ పీల్చు మందు సంచులను ఇంజను ముందు మరచిపోగా, అవి లోనికి పోయి, ఒక్క క్షణమున రెండు ఇంజనులు పాడయ్యెను. నిలువ చేసికొన్న ఇంజనులు కొన్నియే యున్నవి. క్రొత్తవి చేయు కర్మాగారము లేదు. అయినను ఆ విమానమును ఆపినది ఇంజనుల కొరత కాదు. అంత జటిలమైన విమానమునకు సాంకేతికముగా పూచీపడు కంపెనీలు వెంట నుండవలెనని అచ్చటి పౌరవిమానయాన శాఖ నియమము. ఆ విమానమెరిగిన అనుభవజ్ఞులు పని విరమించుచున్నారు గనుక ఇక పూచీపడలేమని 2015లో ఆ కంపెనీలు చెప్పినవి. 2015 అక్టోబరు 28వ తేదీన వల్కన్ చివరిసారి ఎగిరెను. రెక్క బాగుగనే యున్నది, చక్రము బాగుగనే యున్నది. సంతకము చేయు చేయి కరవయ్యెను.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కాంకార్డు స్థితి స్పష్టమగును. డకోటాకు సంఖ్యాబలము కలదు, కాంకార్డునకు లేదు. టి.యు. 144కు జీవించియున్న కార్యాలయమును, వాడుకలోనున్న ఇంజనులును దొరికినవి. కాంకార్డు ఇంజనులు దానికే ప్రత్యేకముగా చేయబడినవి. మరి యే విమానమునకును లేవు. వల్కన్‌నకు కొంతకాలమైనను పూచీపడువారు దొరికిరి. కాంకార్డునకు వారసుడైన ఎయిర్‌బస్ సంస్థ 2003లోనే తన సాంకేతిక సహాయమును ముగించెను. ఆ ముగింపుతో ప్రయాణికులను మోయుటకు కావలసిన యోగ్యతాపత్రమునకు ఆధారము తొలగిపోయెను. విడిభాగములలో అనేకము వేలమునకు వచ్చి, అభిమానుల ఇండ్లలో అలంకారములైనవి. ఒక విమానమును స్కాట్లండు ప్రదర్శనశాలకు చేర్చుటకు దాని రెక్కలను కోసి, రోడ్డుమీదను ఓడమీదను పంపవలసివచ్చెను. కొన్ని ఏండ్ల తరబడి వర్షమునకు, సముద్రపు గాలికి తడిసినవి.

ప్రయత్నములు జరుగకపోలేదు. 2003లోనే రిచర్డ్ బ్రాన్సన్ తన వర్జిన్ సంస్థ కొరకు కాంకార్డులను కొందునని ముందుకు వచ్చెను. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అమ్మలేదు. 2010లో ఔత్సాహికులు పారిస్ సమీపమున లె బూర్జే ప్రదర్శనశాలలోని కాంకార్డు ఇంజనులను పరీక్షించుటకు పూనుకొనిరి. 2015లో మరియొక సంఘము 2019 నాటికి ఒకదానిని ఎగిరింతుమని ప్రకటించెను. 2019 వచ్చెను, పోయెను. ఏదియు లేవలేదు.

ఇప్పుడు మాదాపూరు యువకుల ప్రశ్నకు రావచ్చును. నేటి యంత్రములతో కాంకార్డు దేహమును అంగుళమంగుళము కొలిచి, తెరపై మరల గీయలేమా? గీయవచ్చును. ఆకారము దొరకును. ఆ ఆకారమునకు కారణము మాత్రము కొలతలో దొరకదు. ఒక పలక ఇంత మందమే ఎందులకున్నది? దానికంటె పలుచనిది ఏ పరీక్షలో పగిలినది? ఈ సమాధానములు లోహములో వ్రాసియుండవు. ఫార్న్‌బరోలో కాంకార్డు దేహము నొకదానిని సంవత్సరముల తరబడి కాల్చి, చల్లార్చి, లోపల గాలి నింపి, తీసి, అది ఎన్ని ప్రయాణములకు అలయునో లెక్కించిరి. ఒక విమానమును ఎగురనీయకుండ హింసించి తక్కినవానికి ఆయుర్దాయము కట్టిన పరీక్ష అది. అట్టి పరీక్షల ఫలితములు, వానిని చదివి అర్థముచేసికొన్నవారి అనుభవము, ఈ రెండును కలిసి విమానమునకు ప్రాణము. ఆకారమును మాత్రమే మరల చేసినచో మనకు మిగులునది బీచి ప్రక్కన నిలువదగిన బొమ్మ.

మన ఇండ్లలో ఈ సంగతి తెలియనిది కాదు. పోచంపల్లి చీరను చూచి దాని రంగులను, గళ్లను కాగితముపై దించుట చిత్రకారునకు సులభము. కాని నేయక ముందే నూలును ఎచ్చట ముడివేసి రంగులో ముంచవలెనో సాలెవానికి తెలియును. చీర మిగిలి సాలెవాడు పోయినచో, పెట్టెలోనున్నది జ్ఞాపకము మాత్రమే. కాంకార్డు చీర మిగిలినది. సాలెవారు వృద్ధులై ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు.

కావున నా సమాధానము ఇది. కాంకార్డు ప్రయాణికులతో మరల ఎగురదు. ప్రభుత్వములు పూనుకొని అపారధనము వెచ్చించినచో, ఒక్క విమానము చోదకులతో మాత్రమే, ఒకటి రెండు సార్లు లేచుట ప్రకృతిసూత్రములకు విరుద్ధము గాదు, టి.యు. 144 అందుకు దృష్టాంతము. అయితే అంత ధనముతో క్రొత్తదానినే నిర్మింపవచ్చును. 2025 జనవరి 28వ తేదీన అమెరికాలో బూమ్ అను కంపెనీ చిన్న ప్రయోగవిమానమును శబ్దవేగము దాటించెను. ఆ ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు 1973 నాటి నిషేధమును తొలగింపుమని ఉత్తరువు చేసెను. శబ్దమును మించి ప్రయాణికులు మరల పోవుట జరిగినచో, అది పాత రెక్కలమీద గాక క్రొత్త రెక్కలమీద జరుగును.

ఇందులో దుఃఖించుటకు కొంత యున్నది. నేర్చుకొనుటకు అంతకంటె ఎక్కువ యున్నది. 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడిన సంవత్సరముననే సామాన్యప్రయాణికుని శబ్దమును మించి తీసికొనిపోగల విమానము ఎగిరెను. తరువాతి తరమునకు ఆ విద్య అందలేదు. విద్య తనంతట తాను నిలుచుననుకొనుట మన భ్రమ. దానిని వాడుచుండవలెను, వ్రాసి దాచవలెను, చిన్నవారికి చేతిలో పెట్టి నేర్పవలెను. ఒక్క తరము మానినచో, పటములు అటకమీద నున్నను చదువువాడుండడు.

మాదాపూరులో నేడు ఒక యువతి విమానపు ఇంజనులోని చిన్న భాగమునకు కొలత నిర్ణయించి, ఈ కొలత ఎందులకు పెట్టితినో నాలుగు పంక్తులు వ్రాసి సంతకము చేయుననుకొందము. ఆ పూటకు అది కేవలము దఫ్తరు పనివలె కనిపించును. నలువది సంవత్సరముల పిదప ఆ విమానమునకు క్రొత్త భాగము కావలసివచ్చినప్పుడు, అది ఎగురుటయో, బీచి ప్రక్కన నిలుచుటయో నిర్ణయించునవి ఆ నాలుగు పంక్తులే కావచ్చును. ఆమె అవి శ్రద్ధగా వ్రాయవలెను. వ్రాసినవానిని పోనీయక దాచు బాధ్యత ఆమె సంస్థది. చదువగలవారిని తయారుచేయు బాధ్యత మన కళాశాలలది.